ఎనిమిది అడుగుల తాడు

నా భార్య స్వర్ణలత చనిపోయి ఏడాది తిరగక ముందు వచ్చిన ఆషాఢంలో, మా పాత బజారు మొత్తంలో సున్నం పడని గోడ మా దుకాణానిదొక్కటే. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా పండుగ లేదు. పండుగ లేనప్పుడు గోడకు సున్నమెందుకని మా అమ్మ జంగమ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఆ గోడ సంగతి చెప్పాలంటే ఆ ఏటి వానాకాలం మొదటి నుంచి చెప్పాలి.

అది 2010. బడి తెరిచి రెండు వారాలైంది. ఒక ఆదివారం పొద్దున శ్రావణ్‌కుమార్ మా ఇంటికి వచ్చాడు. వెంట మరో ముగ్గురు దుకాణదారులు ఉన్నారు. శ్రావణ్ ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివాడు. ఇప్పుడు బజారులో అందరికంటే పెద్ద బట్టల దుకాణం అతనిది. ఎంత పెద్దవాడైనా నా ముందు కుర్చీలో వెనక్కి ఆనుకోడు, అంచు మీదే కూర్చుంటాడు.

"మేడం దినాలైనంక మల్ల రాలేకపోయిన సార్. ఏమనుకోకున్రి."

"అనుకోవడానికేముంది" అన్నాను.

అమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యేదాకా వానల గురించి, శంషాబాద్ దిక్కు కొత్తగా వేస్తున్న రోడ్ల గురించి మాట్లాడారు. తర్వాత శ్రావణ్ సంచిలోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"పోయినేడు పంచాయతీల బజారు ప్లాను పాసైంది గద సార్. రోడ్డు వెడల్పు చేసేటందుకు రెండు దిక్కుల దుకాణాలకెళ్లి ఎనిమిదేసి అడుగులు పోతయి. బందెలదొడ్డి జాగల కూరగాయలోళ్లకు షెడ్డు, ఆడోళ్లకు బాత్రూములు. ఆ ప్లాను జర మార్చమంటున్నం. ఎనిమిది కాదు, నాలుగే తీసుకోమంటున్నం. బందెలదొడ్డిల షెడ్డు బదులు కాంప్లెక్సు కడితే మా అసొంటోళ్లకు అండ్ల దుకాణాలొస్తయి."

బందెలదొడ్డి అంటే చేలలో పడిన పశువులను పట్టి కట్టేసే పాత దొడ్డి. చేలు విమానాశ్రయం కిందికీ వెంచర్ల కిందికీ పోయాక పశువులూ లేవు, కట్టేసేవాళ్లూ లేరు. బజారు చివర అర ఎకరం ఖాళీగా పడి ఉంది.

"అడగండి. అడిగే హక్కు మీకుంది" అన్నాను.

"ఊకె మారుస్తమంటే పైన ఒప్పుకోరంట సార్. తీర్మానం పోయినంక మార్చాలంటే గట్టి కారణం చూపెట్టాల్నంట. అప్పుడు ఎనిమిది మంది సై అన్నరు, ఏడుగురు నై అన్నరు. ఆ ఒక్క సంతకం..." అని ఆగాడు.

"స్వర్ణలతది" అన్నాను.

గిన్నెల దుకాణం కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన మా నాన్న ఈడువాడు. "నీ భార్య మంచిది సారూ. మంచిది గాబట్టే యాడ పెట్టుమంటే ఆడ పెట్టింది సంతకం. ఆడమనిషి, అడుగులు గజాలు ఆమెకేం ఎరుక? నువ్వొక్క ముక్క రాసిస్తే సాలు. నీ మాటంటే ఆమె మాటనే గదా."

కాగితం మీద ఆ ఒక్క ముక్క రాసే ఉంది. 'నా భార్య కీర్తిశేషురాలు స్వర్ణలత సదరు తీర్మానములోని విషయములు తెలియకనే సంతకము చేసినదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.' కింద నా పేరు, పేరు మీద ఖాళీ.

మా పంచాయతీలో ఏడుగురు ఆడవాళ్లు సభ్యులు. వాళ్లలో ఆరుగురి బదులు భర్తలు వచ్చి కూర్చునేవారు. సంతకాలు కూడా వాళ్లే పెట్టేవారు. తొమ్మిదో వార్డు సభ్యురాలు స్వర్ణలత మాత్రం తనే వెళ్లేది. నేను ఒక్కనాడూ వెళ్లలేదు. అది నా పెద్దరికమని అనుకునేవాణ్ణి. స్టాఫ్‌రూమ్‌లో ఒకటి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. అయితే మీటింగు నుంచి వచ్చాక ఏం జరిగిందని కూడా ఎప్పుడూ అడగలేదు. ఆమె చీర మార్చుకొని వంటింట్లోకి పోయేది. నేను కాపీలు దిద్దుకునేవాణ్ణి.

"కాగితం ఉంచిపోండి, చూస్తాను" అన్నాను.

వాళ్ల ముఖాలు విచ్చుకున్నాయి. శ్రావణ్ లేచి దండం పెట్టాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. బజారులో సరుకు పట్టుకొచ్చినవాడితో 'ఉంచిపో' అంటే కొన్నట్టే లెక్క. ఆ బజారులో పుట్టి పెరిగి, ఆ మాట నేను మరచిపోయాను.

*

సాయంత్రం దుకాణానికి వెళ్లేసరికి అమ్మకు కబురు అందింది.

మాది తాళ్ల దుకాణం. మా నాన్న పెట్టింది. అప్పట్లో ఎడ్లకు పగ్గాలు, బావికి మోకులు, కళ్లానికి చాటలు, గంపలు అమ్మేవాళ్లు. ఎడ్లు పోయాక బట్టలారేసే ప్లాస్టిక్ తాళ్లు, చీపుర్లు వచ్చాయి. చాటలు గంపలు ఇంకా కొన్ని పోతాయి. ముందు గోడ నుంచి వెనుక గోడకు పన్నెండు అడుగులు. లోపల, పక్క గోడ మీద, ఎనిమిది అడుగుల దగ్గర సర్వేవాళ్లు ఎర్ర రంగుతో గీత గీసి బాణం వేశారు. అటువంటి గీత బజారులో ప్రతి దుకాణానికీ ఉంది. లోపల ఒకటి, లెక్క తెలిసేలా బయటి గోడ మీద ఒకటి.

"రాసిస్తనన్నవంట గద బిడ్డా. కుర్మయ్య వచ్చి చెప్పిపోయిండు. మంచి పని చేసినవ్" అంది అమ్మ.

"రాసిస్తాననలేదమ్మా. ఉంచిపొమ్మన్నాను."

"ఉంచిపో అంటె మరి ఏందట?"

ఆమె పీట మీద నుంచి లేవకుండానే చీపుర్ల కట్ట సర్దుతూ అంది. "పన్నెండుల ఎనిమిది పోతే నాలుగు. ఆ నాలుగడుగులల్ల నేను కూసోవాల్నా, గంపలు కూసోవాల్నా? నలభై ఏండ్ల సంది ఈడనే కూసున్న. ఇంట్ల కూసుంటే నాకేం తోస్తది చెప్పు. సొర్ణ ఉన్నప్పుడంటే దానితోని మాట్లాడుకుంట కూసుందును."

"ఆమె తెలిసే చేసిందేమో" అన్నాను.

అమ్మ చేతులు ఆగాయి. "తెలిసి చేస్తదా? నాకు చెప్పకుండ అది కొత్త చీరె కట్టేది కాదు. నా దుకాణం పోతదని తెలిసి సంతకం పెడతదా? ఎవడో మాయ చేసిండు. దానికి తెల్వదు మల్లేశా. నువ్వు రాసియ్యి."

ఆమె అడుగుతున్నది దుకాణం ఒక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది. పదిహేడేళ్లు ఒకే పొయ్యి దగ్గర మసిలిన కోడలు తనకు చెప్పకుండా తన చోటు వదిలేసిందని నమ్మడం కంటే, ఏమీ తెలియక చేసిందని నమ్మడం ఆమెకు సులువు. ఆ కాగితం మీద నేను సంతకం పెడితే ఆమెకు దుకాణమూ మిగులుతుంది, కోడలూ మిగులుతుంది.

లేచి వస్తుంటే ఆమె మేకుకు వేలాడుతున్న తాడు ఒకటి తీసి విసుగ్గా పక్కకు పెట్టింది. "ఇగో, ఇదొకటి. పోయినేటి సంది గీ మేకుకే ఉన్నది. ఎవలో రెండు ముళ్లేసి పెట్టిన్రు. అమ్ముదామంటే ఏ కొలతకూ రాదు."

మా దుకాణంలో తాడును బారలతో కొలుస్తారు. అమ్మ చేతులు బార్లా చాస్తే ఒక బార. ఆ ముళ్లలో ఒకటి బారకు కొంచెం తక్కువ, ఇంకోటి బారన్నరకు కొంచెం తక్కువ. నేను ఆ మాట విని వదిలేశాను.

*

మర్నాడు బడి నుంచి వస్తూ పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. జీవితంలో అదే మొదటిసారి. కార్యదర్శి మధు ముప్పై ఏళ్లవాడు, బుద్వేల్ నుంచి రోజూ వచ్చి పోతాడు. తీర్మానాల పుస్తకం చూడొచ్చా అని అడిగితే నాకే కుర్చీ వేశాడు.

"మార్చిల్నే వచ్చిన సార్ నేను ఈ ఊరికి. మేడంను నేను చూడలే. పేరు మటుకు రోజూ వింట."

పేజీ తీసి ఇచ్చాడు. బజారు పునరుద్ధరణ ప్లాను వివరాలు పది పంక్తుల్లో ఉన్నాయి. దుకాణాల జాబితాలో పంతొమ్మిదోది మాది. చివర ఒకే వాక్యం. 'సభ్యులు చర్చించి ఆమోదించడమైనది.'

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఎవరైనా రాసింది చదివితే వాళ్లు ఏం చెప్పదలచుకున్నారో తెలుస్తుందని పిల్లలతో అంటూ ఉంటాను. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. ఆ రోజు స్వర్ణలత నోరు విప్పిందో లేదో, విప్పితే ఏమందో అందులో లేదు.

సంతకాలు ఉన్నాయి. ఆరు చోట్ల ఆడవాళ్ల పేర్ల ఎదురుగా మగవాళ్ల దస్తూరీ. తొమ్మిదో వార్డు ఎదురుగా ఆమె సంతకం. నిదానంగా, ఒత్తి పెట్టింది. కింద చిన్న గీత గీసింది. ఆమెకు సంతకం కింద గీత గీసే అలవాటుందని నాకు తెలియదు.

"బోనాలైనంక గురువారం మీటింగు సార్" అన్నాడు మధు. "మీరిచ్చే కాగితం ఉంటెనే మార్పులు ముందటికి పోతయి. లేకుంటే లేదు. బజారోళ్లు మీ మీదనే ఆశ పెట్టుకోని ఉన్నరు."

*

ఆ వారం అంగడి నాడు బడికి సెలవు పెట్టాను. ఒంట్లో బాగా లేదని రాశాను. నిజానికి ఆ ముందు రాత్రి అలమారులో ఆమె చీరలు మడత మార్చి పెడదామని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. తెల్లారి లేవలేకపోయాను.

పన్నెండు గంటలకు పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా ఒక ఆడమనిషి. రావిర్యాల నుంచి వచ్చి పుంటికూర, టమాటాలు అమ్ముకునే లచ్చమ్మ. ఆమె వెనుక ఇంకొకామె. నన్ను చూసి ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"అమ్మ ఉన్నదేమో అనుకున్నం సారూ. పోతం, పోతం."

"ఏం కావాలి?"

లచ్చమ్మ పక్కామె వైపు చూసింది. "ఈ పిల్ల కడుపుతోని ఉన్నది సారూ. ఆపుకోలేకపోతున్నది. జర బాత్రూం..."

పక్కకు తప్పుకున్నాను. ఆ పిల్ల దారి అడగకుండా నేరుగా పోయింది. ఇంతకు ముందు వచ్చిన ఇల్లే అన్నమాట.

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. రెండు మూడేళ్ల కింద ఒక అంగడి నాడు నేను ముందుగా ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఎవరివో చెప్పులు, గచ్చు మీద తడి పాదాల గుర్తులు. మనిల్లు సత్రమైందా అని విసుక్కున్నాను. స్వర్ణలత బదులు చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి అంగడి నాడూ నేను వచ్చేసరికి పెరట్లో గచ్చు కడిగి ఉండేది. శుభ్రం మీద ఆమెకు శ్రద్ధ పెరిగిందనుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచి వస్తున్నారు?" అని అడిగాను.

"సొర్ణక్క ఉన్ననాడు వచ్చేది సారూ. అక్క పోయినంక రాలే. మీరెట్లుంటరో ఏమో అని. పొద్దుగాల నాలుగింటికి బొట్టు నీళ్లు తాగి బండెక్కుతం. మల్ల ఇంటికి పోయినంకనే తాగుడు. అలవాటైంది." నవ్వింది. "అక్క షెడ్డు కట్టిపిస్త అన్నది. కొలతలు గూడ తీసుకున్నది."

"కొలతలా?"

"అవ్ సారూ. ఒకనాడు తాడు వట్టుకోని వచ్చింది. నన్ను రెండు గంపల నడుమ కూసోవెట్టి, ఈ గంప అంచు నుంచి ఆ గంప అంచు దాక కొలిచింది. 'లచ్చక్కా, ఐదడుగులు సాలునా' అన్నది. 'కాళ్లు సాపుకోవాలంటే ఆరు గావాలె' అన్న నేను. 'కాళ్లు ముడుసుకో, షెడ్డుల కట్టే గద్దె మీద ఇంకొకామె గూడ కూసోవాలె' అన్నది. ఆడ్నే ముడేసింది తాడుకు."

ఆ కడుపుతో ఉన్న పిల్ల బయటికి వచ్చింది. నాకు దండం పెట్టబోయి, ఎందుకో మానుకొని, కొంగు సర్దుకుంది.

"వచ్చే అంగడికి కూడా రండి. తలుపు తీసి ఉంటుంది" అన్నాను.

*

సాయంత్రం మా అమ్మాయి అఖిల బడి నుంచి రాగానే దుకాణానికి తీసుకుపోయాను. అఖిల పదో తరగతి. తల్లి పోయాక మాటలు తగ్గించింది. నేనూ తగ్గించాను. మా ఇంట్లో అప్పుడు ఎక్కువ మాట్లాడేది టీవీ.

అమ్మ గిరాకీతో ఉంది. ఆ మనిషి చాట బేరమాడి, కొనకుండానే పోయేదాకా ఆగాను. మేకు మీది తాడు తీశాను. కొస నుంచి మొదటి ముడికి ఐదడుగులు ఉంటుంది. రెండో ముడి దూరంగా ఉంది.

"అమ్మా, ఈ కొస గుమ్మం దగ్గర పట్టుకో."

"ఎందుకు?"

అఖిల నా చేతిలోని తాడును చూస్తూ నిలబడింది. తర్వాత ముందుకు వచ్చి కొస తన చేతిలోకి తీసుకుంది. ముందు గోడ మూలకు వెళ్లి, కిందికి వంగి, తాడు కొసను బొటనవేలితో గట్టిగా అదిమి పట్టింది. అలా పట్టాలని నేను చెప్పలేదు.

"గిట్లనే పట్టిన బాపూ, అప్పుడు గూడ" అంది.

నేను తాడు లాగి పక్క గోడ వెంట లోపలికి నడిచాను. రెండో ముడి సరిగ్గా ఎర్ర గీత మీద పడింది. స్వర్ణలత ఆ ముడి వేసిననాటికి గోడ మీద గీత లేదు. సర్వేవాళ్లు రాలేదు. పంచాయతీలో సంతకమే జరగలేదు.

"నాయనమ్మ చుట్టాల పెండ్లికి పోయిననాడు వచ్చినం. అమ్మ ఇంక సంతకం పెట్టలే" అంది అఖిల, వంగిన చోటు నుంచి లేవకుండానే. "అమ్మ గోడ మీద వేలు పెట్టి ఈడిదాక పోతది అన్నది. చానాసేపు ఈడ్నే నిలబడ్డది. నాయనమ్మకు చెప్పకు, నేనే మెల్లగ చెప్త అన్నది. ఇగ జరమొచ్చె."

దవాఖానలో ఆమె ఉన్నది ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో అమ్మను దగ్గరికి పిలిచి ఏదో చెప్పబోయిందని, దగ్గు వచ్చి ఆగిపోయిందని నాకు గుర్తుంది. అది ఇదేనో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

అమ్మ పీట మీద నుంచి లేచింది. గోడ దగ్గరికి వచ్చి ముడిని చూసింది. గీతను చూసింది. గీత ఇవతల ఉన్న జాగా అంతా ఒకసారి చూసుకుంది. పీట, త్రాసు, గంపల దొంతర, ఆమె ఆనుకొని ఆనుకొని నున్నగా చేసిన గోడ.

"నాకు చెప్తే నేను ఒద్దంటుంటినా?" అంది.

రోడ్డు మీద ఒక ఆటో ఆగి, ఎవరినో దింపి, కదిలిపోయింది.

"ఒద్దనే అందును" అంది అమ్మ.

తాడు నా చేతిలోంచి తీసుకొని చుట్ట చుట్టి, మళ్లీ అదే మేకుకు తగిలించింది. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కూర వేసేది. కావాలా అని మాత్రం అడిగేది కాదు.

*

బోనాల వారం వచ్చింది. బజారులో ఆడవాళ్లు కొంగులు బిగించి గోడలన్నిటికీ సున్నాలు వేశారు. ఏటా వేసేదే. లోపలా వేశారు, బయటా వేశారు, అంచులకు ఎర్రమట్టి జాజుతో పట్టీలు దిద్దారు. ఎర్ర గీతలు, బాణాలు, అంకెలు అన్నీ సున్నం కిందికి పోయాయి. కావాలని ఎవరూ చేయలేదు. పోచమ్మకు బోనం ఎత్తే ఇంటి గోడ మురికిగా ఉండకూడదు, అంతే.

మా గోడ అలాగే ఉంది. పోయిన ఏటి సున్నం వానకు చారలు కట్టింది. దాని మీద ఎర్ర గీత, బాణం, ఎనిమిది అంకె. పక్క దుకాణాల తెల్లదనానికి అది ఇంకా ఎర్రగా కనబడింది. డప్పులు మా వీధి మీదుగా పోయేటప్పుడు అమ్మ లోపలికి వెళ్లి కూర్చుంది.

గురువారం మీటింగుకు వెళ్లాను. మునుపటి సంవత్సరాల్లో స్వర్ణలత ఏ కుర్చీలో కూర్చునేదో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. సర్పంచ్ గోపయ్య పెద్దమనిషి, రెండు వైపులా మాట పడకుండా చూసుకునేవాడు. మార్పుల కాగితం చదివించి, నా వైపు తిరిగాడు.

"సారూ, మీరేదో రాసుకొచ్చిన్రంట. చదువున్రి."

లేచి చదివాను. నాలుగే పంక్తులు. వాటికి మూడు సాయంత్రాలు పట్టాయి.

"నా భార్య స్వర్ణలత ఈ తీర్మానం మీద తెలిసే సంతకం చేసింది. చేసేముందు మా దుకాణాన్ని తాడుతో తనే కొలిచింది. ఎనిమిది అడుగులు పోతుందని ఆమెకు తెలుసు. బజారులో కూర్చునే ఆడవాళ్లకు ఎంత చోటు కావాలో కూడా కొలిచింది."

శ్రావణ్ తల దించుకొని తన సెల్‌ఫోను తిప్పుతూ కూర్చున్నాడు. కుర్మయ్యే లేచాడు.

"ఇదేంది సారూ! కాగితం ఉంచిపొమ్మంటివి. మేం నీ మీద భరోస పెట్టుకుంటిమి. అయినా పెండ్లాం సంతకం మొగనికి ఎరుక లేకుండ ఎట్ల పడతది?"

వెనుక ఎవరో నవ్వారు.

"పడింది" అన్నాను. "ఎరుక లేనిది నాకు, ఆమెకు కాదు."

నవ్వినవాళ్లు ఆగిపోయారు. నేను కూర్చున్నాను. బెంచీ కింద ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకున్నాను.

ఆ పైన చాలాసేపు మాటలు నడిచాయి. అరుపులూ అయ్యాయి. చివరికి గోపయ్య తన పద్ధతిలో మధ్యలో ఒక గీత గీశాడు. పాత తీర్మానాన్ని తప్పనడానికి కారణం లేదు గానీ, అందరూ ఒప్పుకుంటే అందులో సర్దుబాటు చేసుకోవచ్చన్నాడు. షెడ్డు, బాత్రూములు బందెలదొడ్డిలో సగం జాగాలో ఉంటాయి, మిగిలిన సగంలో కాంప్లెక్సు. రోడ్డుకు ఎనిమిది కాదు, నాలుగు కాదు, ఆరు. కార్యదర్శి మధు ఆ వివరం పుస్తకంలోకి ఎక్కిస్తుంటే నేను దగ్గరికి వెళ్లి, ఎవరెవరు ఏమన్నారో కూడా రాయవచ్చా అని అడిగాను. "రాయొచ్చు సార్, ఎవరూ అడగరు గని" అన్నాడు. రాశాడు.

గేటు దగ్గర శ్రావణ్ ఎదురయ్యాడు. "పరేషాన్ చేసిన్రు సార్ మమ్మల్ని" అన్నాడు. కోపంగా కాదు. కొంచెం ఆగి, "మేడం ఒకసారి మా దుకాణంల నిలబడి అటూ ఇటూ అడుగులేసుకుంట చూసింది సార్. చీరెలు చూస్తున్నదనుకున్న" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆరు పోతాయి, ఆరు మిగులుతాయి అన్నాను. ఆమె విన్నది. పప్పు ఇంకొంచెం వేయనా అని అడిగింది.

*

శ్రావణం మొదట్లో సర్వేవాళ్లు మళ్లీ వచ్చారు. ఇద్దరు కుర్రవాళ్లు, టేపు, రంగు డబ్బా. కొత్త గీత పాత గీత నుంచి రెండడుగులు రోడ్డు వైపు జరగాలి. బజారు ఆ చివర నుంచి సగం దాకా చూసుకుంటూ వచ్చారు. చూసిన ఏ గోడ మీదా పాత గీత లేదు. అంతా తెల్లగా మెరిసిపోతోంది. ఒకడు తల పట్టుకున్నాడు.

"మొత్తం రోడ్డు నడుమకెళ్లి మల్ల కొలవాలా ఇప్పుడు? ఒక్క గుర్తన్న దొరికితే దాన్ని పట్టుకొని లైను గుంజుదుము."

దుకాణదారులు తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎన్నాళ్లు ఆలస్యమైతే అన్నాళ్లు మంచిదే కదా. నేను బడికి పోతూ రోడ్డు అవతల ఆగాను.

అమ్మ పీట మీద నుంచి లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలదొక్కుకొని, గుమ్మంలోకి వచ్చింది.

"ఓ బిడ్డా, ఇటు రాండ్రి. ఈడున్నది మీ గుర్తు."

కుర్మయ్య తన దుకాణంలోంచి ఏదో అనబోయి ఊరుకున్నాడు. కుర్రవాళ్లు వచ్చి గోడ చూశారు. ఒకడి ముఖం వెలిగిపోయింది.

"అందరు సున్నాలేసిన్రు గదమ్మా. నువ్వెందుకు వెయ్యలే?"

"మా కోడలు పోయింది బిడ్డా. ఏడాది కాలే."

వాడు టేపు చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. రంగు డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. అప్పుడే బడి మొదటి గంట వినిపించింది. నేను కదల్లేదు.

"నిలబడితే ఎట్ల? మబ్బు పట్టింది, కొలువున్రి" అంది అమ్మ. చేయి చాచి, "ఆ కొస ఇటియ్యి, నేను వడత."

టేపు కొస తీసుకొని ముందు గోడ మూలకు వెళ్లింది. మెల్లగా కిందికి వంగి, అఖిల పట్టినట్టే, బొటనవేలితో గట్టిగా అదిమి పట్టింది.

"పట్టిన. గుంజు" అంది.